వయసు మీద నెట్టేయకండి



నాతవరం మండలంలో ఏ ఊరి అరుగు మీద కాసేపు కూర్చున్నా పెద్దవాళ్ళ నోట కొన్ని మాటలు వినిపిస్తాయి. మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఒకరంటారు. చూపు ఆనడం లేదని మరొకరంటారు. ఎవరింటికీ వెళ్ళబుద్ధి కావడం లేదని ఇంకొకరంటారు. వీళ్ళందరికీ పక్కవాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే. "ఏటి సేస్తాం, వయసైపోనాది." ఓదార్పుగానే అంటారు ఆ మాట. కానీ అది విన్నాక ఆ మనిషి ఆసుపత్రి గడప తొక్కరు. ఇంట్లోవాళ్ళూ తీసుకెళ్ళరు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ముసలితనంలో మనిషిని మంచాన పడేసే వాటిలో వయసొక్కటే కారణమైనవి తక్కువ. సకాలంలో పట్టించుకోక ముదిరినవి ఎక్కువ. ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. పరిశోధకులు ఏళ్ళ తరబడి ఇళ్ళకు వెళ్ళి, కొలిచి, లెక్కగట్టి తేల్చిన సంగతి. అందులో విలువైన పరిశోధనలు కొన్ని మన తెలుగు ఊళ్ళలోనే, మన పెద్దవాళ్ళ మీదే జరిగాయి.

ముందు మన లెక్క ఎంతో చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. జాతీయ గణాంక కార్యాలయం 2021లో వృద్ధుల మీద వెలువరించిన నివేదికలో రాష్ట్రాలవారీ అంచనాలున్నాయి. వృద్ధుల వాటాలో కేరళ, తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్, పంజాబ్‌ల తరువాత మన ఆంధ్రప్రదేశ్ ఉంది. 2021లో మన దగ్గర నూటికి 12 మందికి పైగా 60 దాటినవాళ్ళే. 2031 నాటికి ఇది 16 దాటుతుందని అంచనా. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు.

నాతవరంలో ఈ లెక్క కళ్ళకే కనిపిస్తుంది. తాండవ కాలువ కింద వరి, చెరకు, మెట్టన జీడిమామిడి తోటలు. కష్టం చేసే వయసున్న పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిపోతున్నారు. పొలమూ ఇల్లూ చూసుకుంటూ ఊళ్ళో ఉండేది తల్లిదండ్రులు. పండక్కి నిండే ఇళ్ళలో మిగతా రోజుల్లో ఇద్దరే ఉంటారు. కొన్నిళ్ళలో ఒక్కరే. అలాంటి ఇంట్లో పెద్దమనిషి కాలు బాగుంటే ఇల్లు నడుస్తుంది. కాలు ఆగిందంటే విశాఖలో ఉన్న కొడుకు ఉద్యోగం దాకా కదులుతుంది. కాబట్టి పెద్దవాళ్ళ ఆరోగ్యం ఇంటిల్లిపాది సమస్య.

మన దేశంలో పెద్దవాళ్ళ మీద జరిగిన అతి పెద్ద పరిశోధన పేరు లాసీ. వయసు పెరిగేకొద్దీ మనుషుల ఆరోగ్యం, ఆదాయం, కుటుంబం ఎలా మారుతున్నాయో తెలుసుకోవడానికి 2017, 2018 సంవత్సరాల్లో తొలి విడత చేశారు. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ, అమెరికాలోని హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు, కేంద్ర ఆరోగ్య శాఖ కలిసి చేసిన పని ఇది. 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా మనుషుల్ని వాళ్ళ ఇళ్ళలోనే కలిశారు. ప్రశ్నలతో సరిపెట్టలేదు. రక్తపోటు కొలిచారు. ఊపిరి బలం చూశారు. పిడికిలి ఎంత గట్టిగా బిగించగలరో యంత్రంతో చూశారు. నడక వేగం లెక్కగట్టారు.

తేలిందేమిటి? 60 దాటినవాళ్ళలో నూటికి 32 మందికి రక్తపోటు ఉందని వైద్యులు చెప్పి ఉన్నారు. 14 మందికి చక్కెర జబ్బు ఉంది. స్నానం, బట్ట కట్టుకోవడం, తినడం, మంచం దిగడం, నడవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం వంటి రోజువారీ పనుల్లో కనీసం ఒక్కదానికైనా ఇబ్బంది పడుతున్నవాళ్ళు 24 మంది. అంటే నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురు తమ పనులు తాము చేసుకుంటున్నారు. ఆ ముగ్గురినీ అలాగే నిలబెట్టుకోవడం, ఆ ఒక్కరిని వీలైనంత లేపి నిలబెట్టడం, ఇదే అసలు పని. ఐక్యరాజ్య సమితి 2021 నుంచి 2030 వరకు కాలాన్ని ఆరోగ్యకరమైన వార్ధక్య దశాబ్దంగా ప్రకటించింది. అది చెప్పేదీ ఇదే. ఒంట్లో ఏ జబ్బూ లేకపోవడం పెద్దవయసులో అందరికీ సాధ్యం కాదు. తనకు ఇష్టమైన పని తాను చేసుకోగలగడం చాలామందికి సాధ్యం. ఆరోగ్యానికి కొలత అదే కావాలి.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటిది రక్తపోటు.

2000 తరువాత తొలి సంవత్సరాల్లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో ఒక పరిశోధన జరిగింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం అని దానికి పేరు. ఆ ఊళ్ళలో ఎవరు చనిపోయినా ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి, చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబాన్ని అడిగి రాసుకునేవారు. ఆ రాతలు చూసి మరణానికి కారణమేమిటో వైద్యులు నిర్ణయించేవారు. అలా 1,350 మరణాల దాకా పరిశీలించారు. పల్లెల్లో జనం జ్వరాలతో, అంటురోగాలతో పోతారని అంతవరకు అందరూ అనుకునేవారు. లెక్క తీస్తే దాదాపు మూడోవంతు మరణాలకు గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. తుని దాటితే వచ్చేది ఆ గోదావరి నేలే. అక్కడి తిండీ కష్టమూ మనవాటికి దూరం కాదు.

రక్తపోటుతో వచ్చిన చిక్కేమిటంటే అది నొప్పి పెట్టదు. నొప్పి లేదు గనక మాత్ర ఎందుకంటారు. పదిహేను రోజులు వేసుకుని, తేలిగ్గా ఉందని మానేస్తారు. 80 దాటాక ఇంకా మందులేమిటని కొందరు పిల్లలే అంటారు. ఆ ప్రశ్నకు 2008లో జవాబు దొరికింది. 80 ఏళ్ళు దాటి రక్తపోటు ఎక్కువున్న 3,845 మందిని వివిధ దేశాల్లో ఎంచుకుని, సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. మందు వేసుకున్నవాళ్ళలో మరణాలు 21 శాతం తగ్గాయి. గుండె నీరసించే జబ్బు 64 శాతం తగ్గింది. కాబట్టి 80 దాటినవారికీ రక్తపోటు మందు పనిచేస్తుంది. అయితే ఎంత మోతాదో వైద్యుడే చెప్పాలి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటే ఆ సంగతి ఆయనకు చెప్పాలి. మాత్ర సొంతంగా మానేయకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్రలు ఉచితంగా ఇస్తారు.

ఇక్కడే ఇంకో మాట. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు రోజూ మింగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అవి రక్తపోటు పెంచుతాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. వైద్యుడు రాయకుండా ఒక్క వారం కూడా వాడకండి.

పొగ సంగతీ చెప్పాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు ఇంకా పోలేదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మన పెద్ద ఆడవాళ్ళలోనే ఇది ఎక్కువ. దీనివల్ల అంగిట్లో వచ్చే కాన్సర్ గురించి వైద్యులు 1957లోనే రాశారు. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించిన పరిశోధన ఒకటి అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చింది. ఇంట్లో మామ్మకు ఈ అలవాటుంటే కోప్పడకుండా దగ్గర కూర్చుని మాన్పించండి. అంగిట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.

రెండోది చూపు. ఈ విషయంలో తెలుగునేల పరిశోధన ప్రపంచానికే ఒరవడి పెట్టింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం చేసింది. హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పది వేల మందికి పైగా జనం కళ్ళు పరీక్షించారు. నూటికి దాదాపు ఇద్దరు చూపు లేనివాళ్ళని తేలింది. వాళ్ళకు చూపు పోవడానికి కారణాలు చూస్తే నూటికి 44 మందికి శుక్లాలు. 16 మందికి సరైన కళ్ళజోడు లేకపోవడం. మళ్ళీ చెబుతున్నాను. వందమంది అంధుల్లో పదహారు మందికి కావలసింది ఒక కళ్ళజోడు.

అదే సంస్థ తరువాత హైదరాబాదు వృద్ధాశ్రమాల్లో ఉన్న పెద్దవాళ్ళ కళ్ళు చూసింది. 41 ఆశ్రమాల్లో 1,182 మందిని పరీక్షించారు. వాళ్ళ సగటు వయసు 75 ఏళ్ళు. పదిమందిలో ముగ్గురికి చూపు సరిగా లేదు. వాళ్ళలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది కష్టం శస్త్రచికిత్సతోనో కళ్ళజోడుతోనో తీర్చగలిగిందే. ఆసుపత్రులు దగ్గరున్న మహానగరంలోనే అలా ఉంటే కొండ పక్కనున్న మన ఊళ్ళ సంగతి వేరే చెప్పాలా?

చూపు తగ్గిన మనిషికి జరిగేది ఒక్క చూడలేకపోవడమే కాదు. గుమ్మం అంచు కనబడక పడిపోతారు. బియ్యంలో రాళ్ళు ఏరలేక, కోడలు ఏమనుకుంటుందోనని పని మానుకుంటారు. ఎదురొచ్చినవారిని పోల్చుకోలేక వీధిలోకి రావడం తగ్గిస్తారు. శుక్లాల శస్త్రచికిత్స ప్రభుత్వ పథకం కింద ఉచితం. శుక్లం పండేదాకా ఆగాలన్నది పాతకాలపు మాట. రోజువారీ పనికి చూపు అడ్డం వస్తోందంటే చేయించుకోవలసిన సమయం వచ్చినట్టే.

మూడోది కాళ్ళ బలం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. ఎక్కువ అపోహ ఇక్కడే ఉంది.

నెల ఒకటో తేదీ పొద్దున్నే గ్రామ సచివాలయ సిబ్బంది పింఛను సొమ్ముతో గడప దగ్గరికి వస్తారు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఫోనుకు తగిలించిన వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టాలి. ఏళ్ళ తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, గడ్డి కోసి అరిగిన వేలు ఒక్కసారికి పడదు. చీర చెంగుకు తుడుచుకుని మళ్ళీ పెడతారు. ఇంతవరకు అందరం చూసేదే. డబ్బు కొంగున ముడేసుకున్నాక ఆ పెద్దమ్మ అరుగు మీంచి ఎలా లేస్తోందో చూడండి. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, ఒకసారి ఊపిరి బిగబట్టి లేస్తుంది. లేచాక వెంటనే అడుగు వేయదు. గోడ పట్టుకుని నిలదొక్కుకుంటుంది. అప్పుడు కదులుతుంది. ఆ లేవడంలోనే ఆమె తొడల బలం ఎంతో తెలుస్తుంది. వచ్చే ఏడాది ఆమె పడిపోయే ప్రమాదం ఎంతో కూడా అందులోనే తెలుస్తుంది.

తొడ కండ తగ్గితే తిరిగి రాదనుకుంటాం. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక వృద్ధాశ్రమంలో చేసిన పరిశోధన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. సగటున 90 ఏళ్ళ వయసున్న పదిమందిని తీసుకున్నారు. ఎనిమిది వారాల పాటు కాలితో బరువులెత్తే వ్యాయామం దగ్గరుండి చేయించారు. చివరిదాకా చేసినవాళ్ళ తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. 90 ఏళ్ళ కండ కూడా పని చెబితే వింటుందన్నమాట. 2014లో మరో పెద్ద పరిశోధన వచ్చింది. 70 నుంచి 89 ఏళ్ళ మధ్య వయసున్న, పెద్దగా నడవని 1,635 మందిని తీసుకుని సగం మందిచేత క్రమం తప్పకుండా నడిపించారు. దానితో పాటు కాళ్ళకు బలాన్నిచ్చే, నిలకడ నేర్పే వ్యాయామాలు చేయించారు. మిగతా సగానికి ఆరోగ్య పాఠాలు చెప్పారు. రెండున్నరేళ్ళ తరువాత చూస్తే, నాలుగు వందల మీటర్లు కూడా నడవలేని స్థితికి చేరడం నడిచినవాళ్ళలో 18 శాతం తక్కువ. వ్యాయామంతో పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని అనేక పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్ష 2019లో తేల్చింది.

"జీవితమంతా పొలంలో కష్టపడ్డాం, ఇప్పుడు వ్యాయామం కూడానా?" అని మన పెద్దవాళ్ళు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. కానీ నిన్నటి కష్టం నేటి కండను కాపాడదు. పొలం మానేశాక కండ కరగడం పెరుగుతుంది. దీనికి ఖర్చేమీ లేదు. గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడండి. మళ్ళీ మెల్లగా కూర్చోండి. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. గుంజ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగండి. గుంజ పట్టుకునే ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడండి. ఎండ ముదరకముందు కాలువ గట్టున నడవండి, ఒంటరిగా కాకుండా జతగా వెళ్ళండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టండి.

కండకు పని ఒక్కటే చాలదు, తిండీ కావాలి. పళ్ళు ఊడాయని, అరగదని పెద్దవాళ్ళు మెల్లగా గంజికి, మజ్జిగన్నానికి దిగిపోతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఒక సూత్రం ఉంది. పెద్దవాళ్ళ తిండిలో పోషకాలు దండిగా ఉండాలని దాని సారం. తినే పరిమాణం తగ్గవచ్చు, అందులో సత్తువ తగ్గకూడదు. పప్పు మెత్తగా ఉడికించి పెట్టండి. గుడ్డు, పాలు, పెరుగు, ముల్లు తీసిన చేప పెట్టండి. మన చోడి అంబలి మంచి ఆహారం, దానితో పాటు పప్పో గుడ్డో కూడా ఉండాలి. ఊరగాయలో ఉప్పు మాత్రం తగ్గించండి. పిల్లలు తిన్నాక మిగిలింది తినే అలవాటు మన అమ్మమ్మలకు ఉంది. ఆ అలవాటు ఇంట్లో వాళ్ళే మాన్పించాలి.

నాలుగోది జ్ఞాపకశక్తి. దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉందని లాసీకి అనుబంధంగా జరిగిన పరిశోధన 2023లో అంచనా వేసింది. మొత్తం 88 లక్షల మంది. దీని మీద ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధన ఒకటి మన హైదరాబాదులో, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ కలిసి ఆ ఆసుపత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఈ పరిశోధన హైదరాబాదులో జరగడంలోనే దాని విలువ ఉంది. పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలు మాట్లాడేవాళ్ళు చాలావరకు వలస వచ్చినవాళ్ళు. అక్కడ తేడా కనిపిస్తే అది భాష వల్లనా, వలస వల్లనా అన్న అనుమానం తీరదు. హైదరాబాదులో బడికి వెళ్ళనివాళ్ళు కూడా ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడతారు. చదువురానివాళ్ళను విడిగా చూసినా ఆ తేడా కనిపించింది. కాబట్టి అది చదువు వల్ల వచ్చిన లాభం కాదు. అదే ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, ఆ దెబ్బ తరువాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు ఒక్క భాష మాట్లాడేవారిలో నూటికి 20 మంది, ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40 మంది. భాషలు నేర్చుకుంటే జబ్బు రాదని వీళ్ళు అనలేదు, నేనూ అనను. మెదడుకు జీవితమంతా పని ఉంటే దెబ్బను తట్టుకునే శక్తి పెరుగుతుందన్నది మనం గ్రహించాల్సిన సంగతి. మన్యం సంతల్లో రెండు భాషల్లో బేరమాడిన మన పెద్దవాళ్ళకు ఆ పని ఎప్పుడూ ఉంది. వాళ్ళను మూల కూర్చోబెట్టి ఆ పని తీసేయకండి. సంత లెక్కలు అడగండి, పంటల సంగతులు అడగండి, మనవలకు కథలు చెప్పించండి.

వినికిడి సంగతి కూడా ఇందులోదే. డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతానికి మార్చుకోగలిగిన 14 కారణాలు ఉన్నాయని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో చెప్పింది. చెవుడు, సరిచేయని చూపు, రక్తపోటు, చక్కెర జబ్బు, పొగ, మద్యం, కదలకుండా ఉండడం, దిగులు, ఒంటరితనం, అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒక్కొక్కటిగా మనం చెప్పుకుంటున్నవే.

అయిదోది మనసు. లాసీ పరిశోధనలో నా మనసును కలచిన అంకె ఒకటుంది. 60 దాటినవాళ్ళలో తమకు కుంగుబాటు ఉందని వైద్యులు చెప్పినట్టు తెలిపినవాళ్ళు వెయ్యికి ఎనిమిది మంది. శాస్త్రీయమైన ప్రశ్నలతో పరీక్షిస్తే బయటపడినవాళ్ళు వెయ్యికి 83 మంది. పదిరెట్లు. అంటే కుంగుబాటుతో ఉన్న పదిమంది పెద్దవాళ్ళలో తొమ్మిది మందికి అది జబ్బని ఎవరూ చెప్పలేదు. తిండి మానేస్తే మొండితనమన్నాం. మాట్లాడకపోతే చాదస్తమన్నాం. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటే వయసన్నాం. కుంగుబాటుకు చికిత్స ఉంది, 75 ఏళ్ళ వయసులోనూ అది తగ్గుతుంది. దానికి మొదటి మందు మనుషుల సహవాసం. 148 పరిశోధనల్ని, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాల్ని కలిపి 2010లో ఒక సమీక్ష వచ్చింది. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికి ఉండే అవకాశం, లేనివాళ్ళకంటే 50 శాతం ఎక్కువని తేలింది. కనుక రామకోవెల దగ్గర సాయంత్రం కూర్చునే నలుగురు తాతలూ కాలక్షేపం చేయడం లేదు. వాళ్ళు ఆరోగ్యం చూసుకుంటున్నారు.

ఇంత విన్నాక ఇంట్లో ఏం చేయాలని మీరడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళ కోసం తయారుచేసిన తేలిక పరీక్షలు ఉన్నాయి. యంత్రాలు అక్కర్లేదు. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి.

ఒకటి, జ్ఞాపకం. పువ్వు, తలుపు, బియ్యం అని మూడు మాటలు చెప్పండి. ఈ రోజు తేదీ ఏమిటి, మనం ఎక్కడున్నాం అని అడగండి. తరువాత ఆ మూడు మాటలూ చెప్పమనండి. రెండు, కాళ్ళు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. పద్నాలుగు సెకన్లలో కావాలి. పడిపోతారన్న భయం ఉంటే పక్కన నిలబడండి, బలవంతం చేయకండి. మూడు, తిండి. మూడు నెలల్లో మూడు కిలోలకు మించి బరువు తగ్గారా, ఆకలి పోయిందా అని చూడండి. బరువు యంత్రం లేకపోతే రవికె, చొక్కా వదులయ్యాయేమో గమనించండి. నాలుగు, చూపు. దూరం, దగ్గర ఆనుతున్నాయా, ఒక్కో కన్ను మూయించి చూడండి. అయిదు, వినికిడి. వెనక నిలబడి మెల్లగా నాలుగు మాటలు చెప్పి తిరిగి చెప్పమనండి. ఆరు, మనసు. ఈ రెండు వారాల్లో దిగులుగా, నిరాశగా ఉందా, ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా అని అడగండి. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగండి.

ఏ ఒక్కదానిలో తేడా కనిపించినా అది జబ్బని అప్పుడే అనుకోవద్దు. పరీక్ష చేయించుకోవాలన్న సూచన అది. ముందు ఊరి ఆరోగ్య కేంద్రం, ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్. అవసరమైతే నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి. 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యబీమా ఇచ్చే వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. మీ సచివాలయంలో అడగండి. పేద వృద్ధులకు చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్ళజోడు, చక్రాల కుర్చీ ఇచ్చే వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. పెద్దవాళ్ళకు ఏ సాయం కావాలన్నా, ఇంట్లో ఎవరైనా బాధ పెడుతున్నా, 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఆ ఫోనుకు డబ్బు పడదు. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యతని 2007లోనే చట్టం వచ్చింది.

పంచాయతీ పెద్దలకు ఒక విన్నపం. పింఛను కోసం నెలకోసారి ప్రతి వృద్ధుడి గడపకూ మనిషి వెళ్ళే ఏర్పాటు మన దగ్గర ఉంది. ఇది చాలా దేశాల్లో లేదు. ఆ వారంలోనే ఆశా కార్యకర్త కూడా ఆ ఇళ్ళకు వెళ్ళి ఈ ఆరు పరీక్షలూ చేస్తే, ఏడాది తిరిగేసరికి మండలంలో ఎవరికి కళ్ళజోడు కావాలో, ఎవరికి రక్తపోటు మాత్రలు అందడం లేదో, ఎవరు ఒంటరిగా కుంగిపోతున్నారో అంతా మన చేతిలో ఉంటుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

పిల్లలకు ఒక మాట. విశాఖ నుంచో హైదరాబాదు నుంచో ఫోన్ చేసినప్పుడు "బాగున్నావా అమ్మా" అని ఆపేయకండి. బాగున్నాననే చెబుతుంది. ఈ రోజు ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, ఎక్కడిదాకా నడిచావు, మాత్ర వేసుకున్నావా అని అడగండి. ఊరొచ్చినప్పుడు చీర తెచ్చినా తేకపోయినా, కంటి పరీక్షకు మాత్రం వెంటపెట్టుకుని తీసుకెళ్ళండి.

పెద్దవాళ్ళకు నా మనవి. మీకు బాధగా ఉంటే పిల్లలకు భారమవుతుందని దాచుకోకండి. తొందరగా చెబితే చిన్న మందుతో పోతుంది, దాస్తే అందరికీ పెద్ద ఖర్చవుతుంది. ఇన్నేళ్ళు ఇంటిని నిలబెట్టిన మీకు మంచి చూపు, గట్టి కాళ్ళు, నలుగురి తోడు అడిగే హక్కుంది. అడగండి.

ఈ ఆదివారం ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ ఆరు సంగతులూ చూడండి. ఏ ఒక్కదానిలో అనుమానం కలిగినా సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.